పాత లేతు మిషనును బాగుచేసి వాడుకొనుట
(ఇబ్రహీంపట్నంలో రైతుల సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



విత్తనమును గూర్చి, ఎరువును గూర్చి, సస్యరక్షణను గూర్చి మీరు తరచుగా వినుచునే యున్నారు. నేడు నేను ఇనుమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాను. ఇనుముతో రైతుకు పనియేమని ఎవరును అడుగరు. నాగలి కర్రు మొదలు రోటవేటరు బ్లేడు వరకు, మోట గిలక మొదలు బోరు మోటారు వరకు మన సేద్యమంతయు ఇనుము మీదనే నడచుచున్నది.

యాసంగి వరి పొట్టకు వచ్చిన సమయమున బావి మీది మోనోబ్లాకు పంపు షాఫ్టు గ్లాండు వద్ద అరిగి, నీరు చిమ్మి, పంపు నీరెత్తుట మానినదనుకొనుడు. అది గంటల కొలది పని కాదు. ఒక షాఫ్టు, ఒక బుష్షు తిరుగబోసిన చాలును. అయినను దానిని విప్పి, మోటారుసైకిలుపై పెట్టుకొని పట్నమునకు పోయి, టర్నరు తీరిక కొరకు వేచి, తిరిగి వచ్చి బిగించుకొనునప్పటికి మూడు నాలుగు దినములు గడచును. పొట్ట దశలోను, పూత దశలోను మడి ఎండిన తాలు గింజ యెక్కువగును. ఈ నష్టము పంపు వలన వచ్చినది కాదు, పని చేయువాడు దగ్గర లేకపోవుట వలన వచ్చినది. ఊరిలో ఒక లేతు మిషను, దానిని నడుపుట తెలిసిన ఒక మనిషి ఉన్నచో ఈ నష్టమును చాలవరకు తప్పించుకొనవచ్చును.

కొత్త మిషను ఖరీదు చాల యెక్కువ. కాని పాత మిషనులు దొరుకుచున్నవి. వాటిని ఎన్నుకొనుట, బాగుచేయుట, మన పనికి తగినట్లు మార్చుకొనుట ఎట్లో నేడు చెప్పెదను.

మనకు కొత్త విద్య కాదు

లేతు అనగానే అది సీమ నుండి వచ్చిన విద్య యనుకొందుము. కాని మన భాషలో దీనికి 'తరిమెన' అను పాత మాట యున్నది. మంచపు కోళ్లు, ఊయల బల్లల కాళ్లు, కవ్వములు తరిమెన పట్టిన పనులే. ఏటికొప్పాక లక్కబొమ్మలు నేటికిని అంకుడు కర్రను తరిమెన పట్టి చేయుచున్నారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. తిరుగుచున్న వస్తువునకు ఉలిని ఆనించి గుండ్రముగా చెక్కుట అను సూత్రము కర్రకైనను, ఇనుమునకైనను ఒక్కటే. ఇనుప పనిలో ఉలిని చేతితో పట్టరాదు. కావున దానిని ఒక బండిపై బిగించి, మరచుట్టు గల కడ్డీతో నడుపుదురు. 1800 ప్రాంతమున ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే అను పనివాడు ఈ ఏర్పాటును సరియైన రూపమునకు తెచ్చెను. ఒకే కొలత గల మరలు వేలకొలది చేయుట అప్పటి నుండియే సాధ్యమైనది.

మన ప్రాంతమున కూడ యంత్ర పరికరముల తయారీకి మంచి చరిత్ర కలదు. సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ 1943లో స్థాపింపబడినది. లేతులకు కావలసిన చక్కులు అందు తయారైనవి. హరిహర్‌లో మైసూరు కిర్లోస్కర్ వారు 1941 నుండి లేతులు చేసిరి. బెంగుళూరులో హెచ్.ఎం.టి. 1953లో ప్రారంభమై, మొదట లేతులనే తయారు చేసినది. వీటితో పాటు బటాలా, రాజ్‌కోట్ ఊళ్లలో చిన్న కార్ఖానాల వారు చేసిన బెల్టు లేతులు దేశమంతటను వ్యాపించినవి. ఇట్టి పాత మిషనులే నేడు మూతపడిన షెడ్ల నుండి, బడుల వర్క్‌షాపుల నుండి, పాత ఇనుము వ్యాపారుల వద్ద నుండి మన చేతికి వచ్చుచున్నవి.

కొనునప్పుడు చూడవలసినవి

ఎద్దును కొనునప్పుడు పళ్లు చూతుము, గిట్టలు చూతుము, నాలుగడుగులు నడిపించి చూతుము. పాత లేతును కూడ అట్లే చూడవలెను. కొత్తరంగు వేసిన మిషనును చూచి మోసపోరాదు. రంగు క్రింద పగులు దాగియుండవచ్చును.

మొదట బెడ్డును చూడుడు. చక్కు దగ్గరి భాగముననే పని యెక్కువ జరుగును గనుక అచ్చటనే బెడ్డు ఎక్కువగా అరుగును. సాడిలును చక్కు దగ్గరకు తెచ్చి, దాని గిబ్బు పట్టీల మరలను వదులు లేకుండ బిగించి, పిమ్మట టెయిల్ స్టాకు వైపునకు నడిపి చూడుడు. కొంత దూరము పోయి పట్టివేసినచో బెడ్డు అరిగినదని తెలిసికొనవలెను. కొద్దిగా బరువుగా కదలిన దిగులు లేదు. కదలనే కదలకున్న వేరొక మిషనును చూచుకొనుట మేలు.

రెండవది స్పిండిలు. డయల్ గేజిని బెడ్డుపై నిలిపి, దాని ముల్లును స్పిండిలు ముక్కునకు ఆనించి, చక్కు క్రింద ఒక కర్ర దూర్చి మెల్లగా పైకెత్తుడు. ముల్లు కదలిన మేరకు బేరింగులో వదులున్నది. వదులు చాలవరకు సరిచేయవచ్చును. కాని చేతితో త్రిప్పినపుడు గరగర మన్నచో బేరింగు చెడినదని అర్థము.

మూడవది గేర్లు. మూత తీసి ఒక్కొక్క పన్ను లెక్కపెట్టుడు. ఒకటి రెండు పళ్లు విరిగిన కొత్త గేరు చేయించుకొనవచ్చును. హెడ్ స్టాకు లోపలి గేర్లు చాల విరిగిన ఖర్చు మిషను ధరను మించును.

నాలుగవది పోత ఇనుము పగుళ్లు. అనుమానమున్న చోట కిరసనాయిలు పూసి, గుడ్డతో శుభ్రముగా తుడిచి, సుద్దపొడి అద్దుడు. పగులున్నచో లోపల దాగిన నూనె పైకి వచ్చి సుద్దపై గీతగా కనబడును.

చక్కు, చేంజి గేర్లు, స్టెడీ రెస్టు, చక్కు తాళము మిషనుతో పాటు ఇచ్చుచున్నారా యని అడుగుడు. ఇవి లేని మిషను చవుకగా కనబడినను, విడిగా కొనునప్పుడు ఆ చవుక మిగులదు. విడి సామానులు, బేరింగులు, బెల్టులు సికింద్రాబాదు రాణీగంజ్‌లో దొరుకును.

ఇంటికి తెచ్చుట

ఆరడుగుల బెడ్డు గల లేతు బరువు అర టన్నుకు పైబడి యుండును. ఆ బరువులో అధిక భాగము పైన, హెడ్ స్టాకు వైపున నుండును. అందుచే అది తేలికగా ఒరగి పడును. ట్రాక్టరు ట్రాలీలో నిలువుగా నుంచి, నాలుగు వైపుల గొలుసులతో కట్టవలెను. సాడిలును, టెయిల్ స్టాకును కుడి చివరకు జరిపి బిగించిన బరువు కొంత సమమగును. లీడ్ స్క్రూకు గాని, స్పిండిలుకు గాని తాడు కట్టి ఎత్తరాదు. ఎత్తునపుడు దాని క్రింద ఎవరును చేయి గాని, కాలు గాని పెట్టరాదు.

శుభ్రపరచుట, తుప్పు తీయుట

విప్పకముందే ప్రతి భాగమునకు ఫోటో తీసికొనుడు. మీ చేతిలోని సెల్ ఫోను ఈ పనికి చక్కగా ఉపయోగపడును. విప్పిన మరలను వేర్వేరు డబ్బాలలో వేసి పేర్లు వ్రాసి పెట్టుడు.

జిడ్డును కిరసనాయిలు లేక డీజిలుతో కడుగవలెను. పెట్రోలు వాడరాదు, నిప్పు భయము కలదు. నూనె గుడ్డలను కుప్పగా వేయక, మూతగల ఇనుప డబ్బాలో వేయవలెను. పాత రంగులో సీసము ఉండవచ్చును. కావున దానిని పొడిగా రుద్ది దుమ్ము లేపరాదు. తడిపి గీకి, ఆ చెత్తను పశువులు, పిల్లలు పోని చోట పారవేయవలెను.

బెడ్డు జారుబాటలను గరుకు కాగితముతో రుద్దరాదు. తుప్పుతో పాటు కొలత కూడ పోవును, గరుకు పొడి సందులలో చేరి మరింత అరుగజేయును. నూనె పోసి, నానబెట్టి, బ్లేడును వాలుగా పట్టి మెల్లగా గీకిన తుప్పు లేచివచ్చును.

చిన్న ఇనుప భాగముల తుప్పునకు ఒక సులభమైన ఉపాయము కలదు. ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి ఒక చెంచా చొప్పున బట్టల సోడా కలిపి, భాగమును అందులో వ్రేలాడదీసి, బ్యాటరీ చార్జరు నెగెటివ్ తీగను ఆ భాగమునకును, పాజిటివ్ తీగను వేరొక పాత ఇనుప ముక్కకును తగిలింపుడు. రెండును ఒకదానికొకటి తగులరాదు. ఒక రాత్రిలో తుప్పు వదులై బ్రష్షుతో రాలును. మూడు జాగ్రత్తలు ముఖ్యము. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను పాజిటివ్‌కు తగిలించిన విషపదార్థము పుట్టును. ఈ పనిలో మండెడి వాయువు వచ్చును గనుక గాలి వచ్చు చోటనే చేయవలెను, దగ్గర బీడీ ముట్టించరాదు. అల్యూమినియం భాగములను, స్ప్రింగులను ఈ నీటిలో వేయరాదు.

అరుగుదలను సరిచేయుట

అరిగినదంతయు మార్చనక్కరలేదు. చాల మిషనులలో గిబ్బు పట్టీలు తీసి, కడిగి, వంపు సరిచేసి, మరల బిగించినంతనే సగము వదులు పోవును. పట్టీ మరలను కొస నుండి కొసకు ఒకే బిగువుతో త్రిప్పి, స్లైడు బరువుగా నున్నను ఒకే తీరున కదలునట్లు చేయవలెను.

స్పిండిలు కంచు బుష్షులపై తిరుగునదైన, చీలిక సందులో నుంచిన పలుచని రేకులలో ఒకటి తీసి బిగించిన వదులు తగ్గును. ఎక్కువగా బిగించిన వేడెక్కి పట్టివేయును. అరగంట త్రిప్పి చేతితో తాకి చూడవలెను. గోరువెచ్చగా నున్న సరి. చేయి నిలువలేనంత వేడిగా నున్న కొంత వదలవలెను.

బెడ్డు బాగుగా అరిగినచో గ్రైండింగు చేయింపవచ్చును. కాని ఒక సంగతి మరువరాదు. బెడ్డు ఎంత తగ్గునో సాడిలును అంత దిగును. అప్పుడు లీడ్ స్క్రూ తన బ్రాకెట్లకు సరిపడదు, టెయిల్ స్టాకు మొన చక్కు మధ్యకు సరిపడదు. కావున సాడిలు క్రింద, టెయిల్ స్టాకు క్రింద ఆ మేరకు పొర వేసి ఎత్తవలెను. ఈ లెక్క ముందుగా అడుగక గ్రైండింగునకు ఇచ్చిన డబ్బు వృథా యగును.

నూనె విషయము. బండి ఇరుసుకు ఆముదము సరిపోయినను లేతుకు పనికిరాదు. వంట నూనెలు కాలక్రమమున గట్టిపడి జిగురు కట్టును. మిషను నూనెనే వాడవలెను. ప్రతి దినము పని మొదలుపెట్టకముందు నూనె రంధ్రములన్నింటను నూనె వేయుట అలవాటు చేసికొనవలెను.

నిలువబెట్టుట

నడుము వంకరయైన నాగలి చాలు తిన్నగా పోదు. మెలిక పడిన బెడ్డు పైన చేసిన షాఫ్టును అంతే, ఒక కొస లావుగా, ఒక కొస సన్నముగా వచ్చును. కాంక్రీటు దిమ్మెపై మిషనును నిలిపి, బెడ్డుకు అడ్డముగా సున్నితమైన స్పిరిట్ లెవెలు పెట్టి, రెండు కొసల యందును బుడగ ఒకే చోట నిలుచునట్లు పాదముల క్రింద రేకులు వేయవలెను. మేస్త్రీలు గోడలకు వాడు లెవెలు దీనికి చాలదు.

పిదప కోసి చూచుటయే నిజమైన పరీక్ష. 40 మిల్లీమీటర్ల కడ్డీని చక్కులో బిగించి, 200 మిల్లీమీటర్లు బయటకు వదలి, టెయిల్ స్టాకు ఆనించకుండ, రెండు కొసల యందును పలుచగా ఒకే కోత కోయుడు. మైక్రోమీటరుతో రెండు చోట్లను కొలువుడు. తేడా 0.02 మిల్లీమీటరు లోపల నున్న మన పనులకు చాలును. చక్కుకు దూరమున నున్న కొస లావుగా నున్నచో, టెయిల్ స్టాకు వైపున మనము నిలుచు దిక్కునున్న పాదమును కొద్దిగా ఎత్తవలెను. సన్నముగా నున్నచో ఆ పాదమును దించవలెను.

మన పనికి తగిన మార్పులు

పాత లేతులు కొన్ని కప్పు నుండి వచ్చు పట్టా బెల్టుతో నడిచినవి. వీటికి సొంత మోటారు అమర్చుకొనవలెను. ఆరడుగుల మిషనుకు 1 నుండి 2 హార్సు పవరు మోటారు సరిపోవును. మోటారు నిమిషమునకు 1440 చుట్లు తిరిగినచో, దానికి 75 మిల్లీమీటర్ల కప్పీ, నడిమి షాఫ్టుకు 300 మిల్లీమీటర్ల కప్పీ పెట్టిన నడిమి షాఫ్టు 360 చుట్లు తిరుగును. అచ్చట నుండి మెట్ల కప్పీలతో వేగము మార్చుకొనవచ్చును.

ఎంత వేగము కావలెనో ఇట్లు లెక్క కట్టుడు. మామూలు ఉక్కును హైస్పీడు టూలుతో కోయునపుడు నిమిషమునకు 25 మీటర్ల వేగము మంచిది. 40 మిల్లీమీటర్ల కడ్డీకి అది సుమారు 200 చుట్లు. కడ్డీ లావు రెట్టింపైన చుట్లు సగము కావలెను.

మూడు ఫేజుల కరెంటు లేని చోట, ఒక ఫేజును మూడు ఫేజులుగా మార్చి వేగమును కూడ మార్చు ఎలక్ట్రానిక్ డ్రైవులు దొరుకును. మోటారు వైండింగును తక్కువ వోల్టుకు తగినట్లు డెల్టాగా కలుపుటకు వీలున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే చూపించుకొనవలెను. చక్కు మరచుట్టుతో బిగియు మిషనులలో ఈ డ్రైవుతో ఒక్కసారిగా వెనుకకు త్రిప్పరాదు. చక్కు విడివడి మీద పడును.

బోరు కనెక్షను నుండి లేతుకు తీగ లాగరాదు. వ్యవసాయమునకిచ్చిన కరెంటు వేరు తరగతి, వర్క్‌షాపుకిచ్చునది వేరు తరగతి. విడిగా కనెక్షను తీసికొనవలెను.

ఇంకొక ముఖ్య విషయము. బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుట మనకు అలవాటు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, భూగర్భజలము వృథా కాకుండ వాటిని తొలగింపుడని ప్రభుత్వము కోరినది. లేతుకు మాత్రము ఆటో స్టార్టరు ఎన్నడును పెట్టరాదు. కరెంటు పోయినపుడు మీరు చక్కులో చేయిపెట్టి పని సరిచూచుచుండగా, కరెంటు వచ్చినంతనే మిషను దానంతటదే తిరిగిన చేయి మిగులదు. కరెంటు వచ్చినను బొత్తాము నొక్కినగాని తిరుగని స్టార్టరునే పెట్టవలెను. చేతికందు చోట పెద్ద ఎర్ర స్టాప్ బొత్తాము ఉండవలెను.

చేయదగని మార్పు ఒకటి కలదు. పెద్ద చక్రములు పట్టుటకై హెడ్ స్టాకు క్రింద దిమ్మెలు పెట్టి ఎత్తుట కొందరు చేయుదురు. దానివలన మిషను బిగువు పోయి, కోత యందు వణకును. పెద్ద పనిని పెద్ద మిషనుకు పంపుటయే మంచిది.

అంగుళము, మిల్లీమీటరు తగాదా

మన దేశమున మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరు నుండి క్రమముగా అమలులోకి వచ్చినవి. అయినను నీటి పైపుల మరలు నేటికిని అంగుళముల లెక్కనే యున్నవి. ట్రాక్టరు బోల్టులు చాలవరకు మిల్లీమీటర్లలో నున్నవి. కాబట్టి ఊరి లేతు రెండు తీరుల మరలను కోయగలుగవలెను.

పాత మిషనుల లీడ్ స్క్రూ తరచుగా అంగుళమునకు నాలుగు చుట్లు గలది. ఒకటి నుండి రెండు అంగుళముల పైపులకు అంగుళమునకు 11 మరలు. దీనికి స్పిండిలు వైపు 20 పళ్ల గేరు, లీడ్ స్క్రూ వైపు 55 పళ్ల గేరు వేసిన చాలును. 2 మిల్లీమీటర్ల మరకు 40 పళ్ల గేరు, 127 పళ్ల గేరు కావలెను. ఈ 127 ఎందుకనగా, అంగుళము 25.4 మిల్లీమీటర్లు, దానికి ఐదు రెట్లు 127. ఈ ఒక్క గేరు చేయించుకొనిన అంగుళపు మిషను మిల్లీమీటర్ల భాష కూడ మాటలాడును.

పొలము పనులు

పంపు షాఫ్టు అరిగిన చోట వెల్డింగు నింపి తిరుగబోయుట వాడుక. వెల్డింగు వేడికి షాఫ్టు వంగును గనుక, రెండు మొనల మధ్య త్రిప్పి డయల్ గేజితో చూడనిదే బిగింపరాదు. చిన్న పంపులకు ఇ.ఎన్. 8 ఉక్కు కడ్డీతో కొత్త షాఫ్టు చేయుటయే మేలు. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు గన్‌మెటల్ బుష్షు పోయునపుడు 0.03 నుండి 0.05 మిల్లీమీటరు సందు వదలవలెను. సందు లేకున్న పట్టివేయును, ఎక్కువైన కొట్టుకొనును. ట్రాక్టరు పిన్నులు, బండి చక్రముల బుష్షులు, చాఫ్ కట్టరు షాఫ్టులు, పైపు నిపిళ్లు, ఇవన్నియు ఈ మిషనుపై అగును.

ప్రాణమునకు జాగ్రత్త

పంచె కొంగు, కండువా, వదులు చొక్కా చేతులు, చీర కొంగు, విప్పిన జడ, ఉంగరము, మణికట్టు దారము: ఇవి యేవియు తిరుగుచున్న చక్కు దగ్గరకు పోరాదు. చేతి తొడుగులు కూడ వేసికొనరాదు, తొడుగును పట్టిన మిషను చేతిని వదలదు. చక్కు తాళమును చక్కులో వదలి మిషను నడుపుట వలన తలలు పగిలినవి. తాళము నుండి చేయి తీయకముందే తాళమును తీయుట నేర్చుకొనవలెను. చుట్టలుగా వచ్చు ఇనుప రజనును కొక్కెముతో లాగవలెను గాని చేతితో కాదు. కండ్లకు అద్దములు తప్పనిసరి. స్పిండిలు వెనుక నుండి పొడవైన కడ్డీ వ్రేలాడిన, వేగములో అది వంగి కొరడావలె కొట్టును. బెల్టులకు, గేర్లకు మూతలు, మిషనుకు మంచి ఎర్తు ఉండవలెను. పిల్లలను షెడ్డులోనికి రానీయరాదు.

ఒక్కరి కంటె పదిమంది

ప్రతి రైతును లేతు కొనవలెనని నేను చెప్పుట లేదు. ఒక్క కుటుంబమునకు అంత పని ఉండదు, పని లేని మిషను తుప్పుపట్టును. నాలుగైదు ఊళ్ల రైతులు సంఘముగా కూడి ఒక మిషను కొని, ఐ.టి.ఐ.లో టర్నరు పని నేర్చిన మన ఊరి యువకునికో, కొలిమి పని తెలిసిన కమ్మరి కుటుంబమునకో అప్పగించిన ఉభయులకు లాభము. ఏ పనికి ఎంత కూలి యనునది ముందే పలకపై వ్రాసి పెట్టవలెను. నూనె, బెల్టు, టూల్సు ఖర్చుకు ప్రతి పని నుండి కొంత తీసి విడిగా ఉంచవలెను.

యంత్రము చేయుటకు పెద్ద చదువులే కావలెనని లేదు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబములో పుట్టిన చింతకింది మల్లేశం, తన తల్లి ఆసు పోయుటలో పడు బాధను చూచి, 1999లో ఆసు యంత్రమును సాధించెను. 2017లో పద్మశ్రీ పొందెను. ఇంటిలోని కష్టమును దగ్గర నుండి చూచినవారికే దానికి తగిన యంత్రము తోచును.

ఈ ఊరి పెద్ద చెరువు, గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీద ఈ పట్నము, నాలుగు వందల యేండ్లు దాటినవి. ఏటేట కట్టను చూచుకొని, తూమును బాగుచేసికొనిన వారు ఉండుట వలననే చెరువు నిలిచినది. యంత్రమును అట్టిదే. పాతది యని పారవేయక, ఓపికతో బాగుచేసి, వాడుక తెలిసి వాడుకొనిన ఎన్నో పంటలను కాపాడును. వచ్చు యాసంగి లోపల మీ సంఘములలో ఈ విషయమును ఆలోచింపుడని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.